ఆగిపోయిన ఏ-వీ8 రోడ్‌స్టర్: 1929 మోడల్ ఏ, 59ఏబీ ఫ్లాట్‌హెడ్. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

#1 — డెంటన్ షెడ్డు

అందరికీ నమస్తే. టెక్సస్‌లో ఒక షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్న 1929 ఫోర్డ్ మోడల్ ఏ రోడ్‌స్టర్ ఇది. పాత ఓనరు ఏ-వీ8, అంటే మోడల్ ఏ లో వీ8 ఇంజను పెట్టిన బండి, కడదామని మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

ఫ్రేము మోడల్ ఏ దే. దాని రెండు పక్క పట్టాలకీ (పొడుగు కమ్మీలకి) లోపలి వైపు 3/16 అంగుళం ప్లేటు పెట్టి పెట్టెలాగా మూశారు (బాక్సింగ్), వెల్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏకబిగిన లాగారు. ముందు 4 అంగుళాలు డ్రాప్ చేసిన (బండి కిందికి కూర్చునేలా వంచిన) ఐ-బీమ్ యాక్సిల్, 1932-34 విష్‌బోన్ (యాక్సిల్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే వీ ఆకారపు కడ్డీ), దాన్ని రెండుగా చీల్చేశారు. వేగా (షెవర్లే కారు) స్టీరింగు బాక్సు ఎడమ పట్టాకి టాక్ వెల్డు మీద నిలబడి ఉంది. వెనక 1940 ఫోర్డ్ బాంజో యాక్సిల్, టార్క్ ట్యూబు (డ్రైవ్‌షాఫ్టు చుట్టూ ఉండే గొట్టం) ఇంకా కొయ్యలేదు. ఇంజను 59ఏబీ (1946-48 ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8, వాల్వులు బ్లాకులోనే ఉండే రకం), హెడ్లు ఊడదీసి ఉన్నాయి, రెండు సిలిండర్లలో తుప్పు, క్రాంకు బిగుసుకుపోయింది. 1939 గేరుబాక్సు ఉంది. రెండు స్ట్రోంబర్గ్ 97 కార్బురేటర్లు డబ్బాలో ఉన్నాయి. బాడీ అసలు స్టీలే. సబ్‌రైళ్ళు (బాడీ కింది కమ్మీలు), కౌల్ (తలుపుల ముందు భాగం) అడుగు తుప్పు తినేసింది. ఒక తలుపుకి మాత్రం నిగనిగలాడే నల్ల పెయింటు కొట్టేశారు!

కావాల్సింది రోడ్డు మీద తిరిగే బండి, షో బండి కాదు. ఫ్లాట్‌హెడ్డే ఉండాలి, డ్రమ్ము బ్రేకులే ఉండాలి. ముందు ఇంజను విడిపించాలా, బాడీ పని పట్టాలా?

#2 — కాకినాడ గ్రీజు

రెండూ కాదండి. ముందు టేపు, గుండుదారం తీయండి. స్టీరింగు కూర్చోకుండానే తలుపుకి రంగు వేశారంటే ఆ పని ఏ వరసలో నడిచిందో తెలుస్తూనే ఉంది. ఇలాంటి బండ్లు డబ్బుల్లేక ఆగాయంటారు గానీ, సగం ఫ్రేములోనో ముందు యాక్సిల్ దగ్గరో లెక్క కుదరక ఆగినవే. ఆ లెక్క ఎక్కడ తప్పిందో దొరికేదాకా పార్టులు కొనకండి.

బాడీ దించే ముందు తలుపులు బిగించి, గ్యాపులు సరిచూసి, లోపల 1 అంగుళం చదరపు ట్యూబుతో బ్రేసులు వెల్డు చేయండి. హింజ్ పిల్లరు నుంచి లాక్ పిల్లరుకి రెండు వైపులా ఒక్కోటి, అడ్డంగా ఒకటి, ఐమూలగా ఒకటి. రోడ్‌స్టర్‌కి పైకప్పు లేదు కదా, సబ్‌రైలు కోసిన మరుక్షణం బాడీ నడుం దగ్గర మడతపడుతుంది. తర్వాత ఎన్ని తలుపులు మార్చినా పట్టవు.

ఫ్రేముని నాలుగు స్టాండ్ల మీద లెవెలు చేసి, ముందు క్రాస్‌మెంబరులో స్ప్రింగు మధ్య బోల్టు రంధ్రం నుంచి ఒకటి, వెనక క్రాస్‌మెంబరులో అలాంటి రంధ్రం నుంచే ఇంకోటి గుండు దింపండి. నేల మీద ఆ రెండు చుక్కలు కలిపితే మీ సెంటర్ లైను. ఐమూలలు ఫ్యాక్టరీ రంధ్రాల నుంచే కొలవాలి, ఎవరో వేసిన రంధ్రాల నుంచి కాదు. తేడా 1/8 అంగుళం దాటితే ఇంకే పనీ ముట్టుకోవద్దు. వీల్‌బేస్ 103.5 అంగుళాలు రావాలి.

#3 — డెంటన్ షెడ్డు

కొలిచాను. ఐమూలల తేడా 3/8. రెండు పట్టాలూ నడుం దగ్గర బయటికి 1/4 చొప్పున ఉబ్బాయి, కొసలు లోపలికి వచ్చాయి. ఎడమ పట్టా ముందు కొస కుడిదాని కంటే 5/16 ఎత్తులో ఉంది.

#4 — కరీంనగర్ వెల్డర్

గదే అనుకున్న అన్నా. ఏ పట్టా సీ ఆకారం, నోరు లోపలికుంటది. ఆ నోటికి ప్లేటు పెట్టి ఏకబిగిన వెల్డు లాగితే సల్లారినప్పుడు ఆ వైపే గుంజుకుంటది. లోపలి వైపు పొట్టిగైతది, కొసలు లోపలికి వస్తయి, నడుం బయటికి పోతది. నీ కొలత అచ్చం గట్లనే ఉన్నది. ఫ్రేమును దేనికీ కట్టకుండ నేల మీద పెట్టి వెల్డు చేసిండు, అంతే.

పారేసే అవసరం లేదు. ఇట్ల చెయ్యి:

జిగ్గు కావాలె. 2×4 అంగుళాల ట్యూబు రెండు పొడుగు, నాలుగు అడ్డం. లేజరుతోనో నీళ్ళ గొట్టంతోనో లెవెల్ చూసుకొని నేలకు యాంకర్లు కొట్టు. ఫ్రేమును దానికి ఆరు చోట్ల క్లాంపు చెయ్యి. ఇప్పుడు బాక్సింగ్ వెల్డును పైనా కిందా 0.045 కటింగు డిస్కుతోని 4 అంగుళాలకు ఒకసారి కొయ్యి, కోత 2 అంగుళాల పొడుగు. కోసినకొద్దీ పట్టా తనంతట తనే కొంత ఎనకకు వస్తది. మిగిలింది పోర్టాపవర్ జాకీతోని లోపల్నుంచి నెట్టు. కొలతకు తీసుకపోయి ఆపకు, 1/16 ఎక్కువ నెట్టి వదులు, ఎందుకంటే మళ్ళ వెల్డు పెట్టినప్పుడు ఎనకకు గుంజుతది.

తిరిగి వెల్డు చేసేటప్పుడు 1 అంగుళం కుట్టు, ఎడమ పట్టా ముందు, తర్వాత కుడి పట్టా ఎనక, మళ్ళ ఎడమ నడుం. చెయ్యి పెడితే కాలనంతగ సల్లారినంక తర్వాతి కుట్టు. క్రాస్‌మెంబర్లు అన్నీ బిగిసి ఉన్నప్పుడే వెల్డు. పాత రివెట్లు కదుల్తున్నయా చూడు. సుత్తితో కొట్టి పక్కన ఏలు పెడితే తెలుస్తది. కదిలిన రివెటు డ్రిల్లు చేసి గ్రేడ్ 8 బోల్టు ఎయ్యి.

#5 — మిచిగన్ మాచవరం

ఇంత తిప్పలు ఎందుకు? కొత్తగా స్టాంపింగ్ చేసిన పట్టాలు దొరుకుతున్నాయి కదా. రెండు రోజుల పని.

#6 — టైటిల్ తమ్ముడు

ఫ్రేము పారేసే ముందు దాని మీద నంబరు చూడండి అన్నా. మోడల్ ఏ కి సీరియల్ నంబరు అసలు ఇంజను మీద కొట్టేవారు, అదే నంబరు ఎడమ పట్టా పైభాగంలో కౌల్ కింద కూడా ఉంటుంది. బాడీ దిగితే గానీ కనపడదు. 59ఏబీ పెట్టాక అసలు ఇంజను ఎలాగూ ఉండదు, ఇక మీ బండికి గుర్తింపు ఆ పట్టా ఒక్కటే.

వైర్ బ్రష్షు, పెయింటు రిమూవరు మాత్రమే వాడండి. గ్రైండరు ఆ చుట్టుపక్కలకే రానివ్వద్దు, సాండ్‌బ్లాస్టు వద్దు. నంబరు తేలాక టైటిల్ (యాజమాన్య) కాగితంతో పోల్చండి. చాలా పాత టైటిళ్ళు ఇంజను నంబరు మీదే రాశారు. రెండూ కలవకపోతే పని ఇప్పుడే ఆపి కౌంటీ ఆఫీసులో ఏం అడుగుతారో కనుక్కోండి. 17 అక్షరాల విన్ (బండి గుర్తింపు నంబరు) 1981 నుంచే వచ్చింది కాబట్టి ఆన్‌లైన్‌లో వెతికే సైట్లు ఈ బండికి పనికిరావు. టెక్సస్‌లో 1949కి ముందు మోడళ్ళకి స్ట్రీట్ రాడ్ వర్గం ఉంది, అది మీకు వర్తిస్తుంది. నంబరు మసకగా ఉందని మళ్ళీ పంచ్ కొట్టడం మాత్రం నేరం, ఎవరు సలహా ఇచ్చినా వినకండి.

#7 — డెంటన్ షెడ్డు

నంబరు దొరికింది, టైటిల్‌తో కలిసింది. అయితే ఈ ఫ్రేమే. ఇప్పుడు స్టీరింగు. వేగా బాక్సు నుంచి డ్రాగ్ లింకు (బాక్సు కదలికని చక్రానికి చేర్చే కడ్డీ) కుడి చక్రానికి వెళ్ళాలి. బాక్సు వైపు కొస 3 అంగుళాలు కిందుంది, అటు కొస పైకుంది. పాన్‌హార్డ్ బారు (యాక్సిల్ పక్కకి జరగకుండా ఫ్రేముకి కట్టే కడ్డీ) లేదు.

#8 — కాకినాడ గ్రీజు

ఆయ్, దొరికింది. బండి ఆగిపోయింది ఇక్కడేనండి.

ముందు స్ప్రింగు అడ్డంగా, షాకిళ్ళ (చిన్న లింకుల) మీద వేలాడుతుంది. షాకిళ్ళు పక్కకి ఊగుతాయి. అసలు మోడల్ ఏ లో డ్రాగ్ లింకు ముందుకీ వెనక్కీ నడిచేది కాబట్టి యాక్సిల్ పక్కకి కొంచెం కదిలినా స్టీరింగుకి అంతగా తెలిసేది కాదు. వేగా బాక్సుతో క్రాస్ స్టీర్ పెట్టారంటే డ్రాగ్ లింకు కూడా అడ్డంగానే నడుస్తుంది. మీరు స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే బదులు ముందు యాక్సిలే షాకిళ్ళ మీద పక్కకి జరుగుతుంది, ఆ తర్వాత చక్రం తిరుగుతుంది. అందుకే పాన్‌హార్డ్ బారు తప్పనిసరి.

ఆ బారు ఫ్రేము వైపు కొస డ్రైవరు వైపు, యాక్సిల్ వైపు కొస ప్యాసెంజరు వైపు ఉండాలి, అంటే డ్రాగ్ లింకు ఉన్నట్టే. రెండూ పక్క నుంచి చూసినా ముందు నుంచి చూసినా సమాంతరంగా, వీలైనంత ఒకే పొడుగులో ఉండాలి. అప్పుడు యాక్సిల్ పైకి వెళ్ళినా కిందికి వచ్చినా రెండు కొసలూ ఒకే వంపులో తిరుగుతాయి, గుంత పడితే స్టీరింగు లాగదు. బారు తిరగేసి పెడితే ప్రతి గుంతకీ చక్రం తన్నుతుంది.

బాక్సు కొలత తీసేటప్పుడు ఇంజను, రేడియేటరు, మనిషి బరువు అన్నీ పడినట్టు స్ప్రింగుని దించి, ఆ ఎత్తులోనే డ్రాగ్ లింకు లెవెలు చూడండి. పాత ఓనరు ఈ లెక్క చూడకుండానే బాక్సు టాక్ వేశాడు, ఆ 3 అంగుళాలు అక్కడ పుట్టినవే. బాక్సు ప్లేటు 3/8 మందం, పట్టా రెండు గోడల్లోంచీ స్లీవు వేసి బోల్టులు. స్లీవు లేకపోతే బోల్టు బిగించినప్పుడు పట్టా నొక్కుకుపోతుంది, నెలరోజులకి లూజు.

#9 — కరీంనగర్ వెల్డర్

విష్‌బోన్ సంగతి గూడ చెప్పు. చీల్చి పట్టాలకు కట్టిండు కదా, ఐ-బీమ్ కాబట్టి బతికిపోయిండు. చీల్చినంక ఒక చక్రం ఎత్తెక్కితే యాక్సిల్ మెలిపడాలె. ఐ-బీమ్ మెలిపడ్తది, గుండ్రటి ట్యూబు యాక్సిల్ పడదు. అది పడకపోతే బ్రాకెట్లు చీల్తయి. చూడనీకి బాగుంటదని ట్యూబు యాక్సిల్ కొనకు.

విష్‌బోన్ కొసలకు 11/16-18 మర బంగులు, టై రాడ్ ఎండ్లు. బంగు చుట్టూ వెల్డుతోని ఆగకు. గొట్టంలో రెండు రోజెట్ రంధ్రాలు ఏసి అవి గూడ నింపు. మర కనీసం 1 అంగుళం లోపలికి పోయి ఉండాలె.

#10 — ఫ్లాట్‌హెడ్ బాబాయ్

ఇంజను దగ్గరికి వద్దాం. ఫ్రేము సంగతి తేలింది కాబట్టి ఇప్పుడు దీనికి పైసా ఖర్చు పెట్టొచ్చు, అది కూడా బ్లాకు బాగుందని తేలాకే.

బిగుసుకున్న క్రాంకు: ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె), అసిటోన్ సగంసగం కలిపి సిలిండర్లలో పోసి వారం వదలండి. అసిటోన్ ఆవిరి అంటుకునేది, షెడ్డు తలుపులు తెరిచే పెట్టండి. ఆ తర్వాత కలప దిమ్మె పెట్టి పిస్టను మీద నిదానంగా తట్టడమే గానీ, క్రాంకు బోల్టుకి పొడుగు పైపు తగిలించి వేలాడొద్దు. వాల్వులు ఒక్కోటీ స్ప్రింగు, గైడు, టాపెటు వైపు ముక్కలతో కలిపి కట్టలాగా పైకి రావాలి. గైడుని దించి గుర్రపునాడా క్లిప్పు లాగే బారు ఉంటుంది, అది లేకుండా మొదలుపెట్టకండి. తుప్పు పట్టిన గైడు రాకపోతే వాల్వు తల కోసేయండి. వాల్వు పోతే ఇంకోటి వస్తుంది, బ్లాకు పోతే రాదు.

బ్లాకు ఖాళీ చేశాక కాస్టిక్‌లో ఉడికించి, మాగ్నాఫ్లక్స్ (అయస్కాంతంతో పగుళ్ళు చూసే పరీక్ష), ఆపైన ప్రెజర్ టెస్టు. ఈ రెండూ కాకుండా బోరింగుకి ఇవ్వొద్దు. చూడాల్సిన పగుళ్ళు మూడు చోట్ల. హెడ్ స్టడ్డు రంధ్రం నుంచి నీళ్ళ రంధ్రానికి ఉండే చిన్న పగులు చాలా బ్లాకుల్లో ఉంటుంది, పిన్నులతో సరిచేస్తారు. వాల్వు సీటు నుంచి సిలిండరు గోడలోకి దిగిన పగులైతే స్లీవు, సీటు, కుట్టు అన్నీ కావాలి, వేరే బ్లాకు వెతకడమే మేలు. మూడోది నీళ్ళు గడ్డకట్టి పగిలింది, నీళ్ళ జాకెట్టు అడుగున పాన్ పట్టీ దగ్గర. చలి ప్రాంతం నుంచి వచ్చిన బ్లాకైతే ముందు అక్కడే చూడండి.

ఫ్లాట్‌హెడ్ కాగిపోతుందని అందరూ అంటారు. దానికి కారణం డిజైనులోనే ఉంది. ప్రతి వైపూ నాలుగు సిలిండర్లకి మూడే ఎగ్జాస్టు దారులు, మధ్య రెండూ ఒక దారిలో కలుస్తాయి, అవన్నీ బ్లాకు లోపల నీళ్ళ మధ్య నుంచే బయటికి వెళ్తాయి. ఆ వేడంతా నీళ్ళకే. కానీ సగం కేసుల్లో అసలు దొంగ పోతపోసినప్పటి ఇసుక. జాకెట్టు మూలల్లో ఇసుక, తీగ ముక్కలు, దశాబ్దాల తుప్పు గట్టిపడి ఉంటాయి. పాత స్పీడోమీటరు కేబులు ముక్క డ్రిల్లుకి పెట్టి నీళ్ళ రంధ్రాల్లోంచి తిప్పి, బయటికి వచ్చింది బకెట్టులో చూసుకోండి. రాలడం ఆగేవరకూ చేయాలి. ఉడికించే ముందు ఒకసారి, ఉడికించాక మళ్ళీ ఒకసారి.

బోరు: అసలు కొలత 3 3/16 బోరు, 3 3/4 స్ట్రోకు, 239 ఘనపు అంగుళాలు. 3 5/16 వరకు 59ఏ బ్లాకు సాధారణంగా తట్టుకుంటుంది. 3 3/8 అంటే సోనిక్ టెస్టు చేసి గోడ మందం చూశాకే. 1949-53 మెర్క్యురీ 4 అంగుళాల క్రాంకు దొరికితే 3 5/16 బోరుతో 276 వస్తుంది. ఒక జాగ్రత్త, 1946-48 ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్డు బేరింగులు ఫ్లోటింగ్ రకం, మెర్క్యురీ క్రాంకుకి 8బీఏ (1949-53 ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్) రకం రాడ్లు, వాటి ఇన్సర్టులు కావాలి. డబ్బాలో ఉన్న పాత రాడ్లు కలిపేస్తే కుదరదు.

ఫైరింగ్ ఆర్డరు 1-5-4-8-6-3-7-2. కుడి వైపు ముందు నుంచి వెనక్కి 1 నుంచి 4, ఎడమ వైపు 5 నుంచి 8.

#11 — మిచిగన్ మాచవరం

రోడ్డు బండికి మెర్క్యురీ క్రాంకు అవసరమా బాబాయ్? బండి తేలిక. స్టాకు క్రాంకు బాలెన్సు చేయించి, ఆ డబ్బు రేడియేటరు మీద పెట్టడం నయం.

#12 — ఫ్లాట్‌హెడ్ బాబాయ్

అవసరం లేదు. దొరికితే వదలొద్దంటాను, అంతే.

#13 — రెండు 97లు

కార్బురేటర్ల మీద. 97 అనే పేరు వెంచురీ 0.97 అంగుళాల నుంచి వచ్చింది. 1936-38 ఫోర్డు వీ8కి ఇవే. రెండు పెడితే 239కి ధారాళంగా సరిపోతాయి.

ఇంధనం ప్రెజరు 3 పీఎస్‌ఐ దాటకూడదు, 2.5 అయితే హాయి. ఎలక్ట్రిక్ పంపు పెట్టి రెగ్యులేటరు లేకపోతే సూది వాల్వు ఆగదు, పెట్రోలు సిలిండర్లలోకి, అక్కడి నుంచి ఆయిలు పాన్‌లోకి దిగుతుంది. ఆయిలు గేజి కర్ర వాసన చూస్తే పెట్రోలు వాసన వస్తుంది. అలా ఉంటే ఇంజను స్టార్టు చేయకండి.

డబ్బాలో ఉన్న 97ల్లో ముందు చూడాల్సింది బేస్ ప్లేటు. థ్రాటిల్ షాఫ్టు రంధ్రం అరిగితే గాలి లీకై ఐడిల్ ఎప్పటికీ నిలబడదు. షాఫ్టుని పైకీ కిందికీ ఊపండి, కదలిక తెలిసిందంటే బుష్షులు వేయించాలి. పై మూత వంకరపోయిందా అన్నది గాజు మీద పెట్టి చూడండి. ఫ్యాక్టరీ మెయిన్ జెట్టు 0.045. రెండు కార్బురేటర్లకి 0.043 నుంచి 0.045 మధ్య మొదలుపెట్టి ప్లగ్గు రంగు చూసి మార్చుకోవచ్చు. జెట్ల కంటే ముందు రెండిటి గాలి సమానం చేయండి. లింకేజి ఊడదీసి, ఒక్కోదాని ఐడిల్ విడిగా సరిచేసి, అప్పుడు కలపాలి.

డిస్ట్రిబ్యూటరు 59ఏబీలో క్యామ్‌షాఫ్టు ముందు కొసకే నేరుగా ఎక్కుతుంది, నాలుక మధ్యలో కాకుండా పక్కకి ఉంటుంది కాబట్టి ఒక్క విధంగానే కూర్చుంటుంది. కూర్చోలేదంటే తిప్పి చూడండి, బోల్టులతో లాగి బిగించి నాలుక విరగ్గొట్టకండి.

#14 — డెంటన్ షెడ్డు

బ్లాకు టెస్టు రిపోర్టు వచ్చింది. స్టడ్డు రంధ్రాల దగ్గర రెండు చిన్న పగుళ్ళు, సీట్ల దగ్గర ఏమీ లేదు. స్టాకు క్రాంకు, 3 5/16 బోరు. ఇక గేరుబాక్సు, వెనక యాక్సిల్. 1939 బాక్సు ఉంచి టార్క్ ట్యూబు కొయ్యాలా, లేక ఎస్10 (షెవర్లే చిన్న పికప్పు) టీ5 ఐదు గేర్ల బాక్సు పెట్టాలా?

#15 — కాకినాడ గ్రీజు

1940 ఫోర్డు వీల్‌బేస్ 112, మీది 103.5. తేడా 8.5 అంగుళాలే కదా అని టార్క్ ట్యూబు అంతే కోసేస్తారు చాలామంది. ఇంజను మీరు పెట్టిన చోటు మీద ఆధారపడి ఆ లెక్క మారుతుంది. ఇంజను, గేరుబాక్సు మౌంటుల మీద బిగిసి, వెనక స్ప్రింగు బరువుతో కూర్చున్నాక గేరుబాక్సు వెనక కొస నుంచి యాక్సిల్ దాకా కొలిచి కోయండి. ట్యూబుతో పాటు లోపలి షాఫ్టు కూడా అంతే చిన్నది అవ్వాలి, రేడియస్ రాడ్లు (యాక్సిల్‌ని ట్యూబుకి కట్టే కడ్డీలు) కూడా దానికి తగ్గట్టు.

ఫైర్‌వాల్‌కీ ఇంజనుకీ మధ్య, డిస్ట్రిబ్యూటరుకీ రేడియేటరుకీ మధ్య చోటు చూసుకోండి. 59ఏబీ డిస్ట్రిబ్యూటరు ముందు ఉంటుంది కాబట్టి ఇంజను ముందుకి జరిగిన ప్రతి అంగుళం ఫ్యాను దగ్గర తగులుతుంది.

#16 — మిచిగన్ మాచవరం

టీ5 పెట్టండి. 3.78 యాక్సిల్, 30 అంగుళాల టైరుతో 60 మైళ్ళ వేగంలో ఇంజను సుమారు 2540 ఆర్‌పీఎం తిరుగుతుంది. ఐదో గేరు 0.76 అయితే అదే వేగానికి 1930. హైవే మీద కాగడం తగ్గుతుంది, చెవులకీ హాయి. ఎస్10 బాక్సులో గేరు రాడ్డు ముందుకి ఉంటుంది, మోడల్ ఏ సీటుకి సరిగ్గా చేతికి అందుతుంది. నిష్పత్తులు బాక్సు బాక్సుకీ వేరు, పక్కన ఉన్న ట్యాగు నంబరు చూడకుండా కొనొద్దు.

#17 — కాకినాడ గ్రీజు

మంచిదే. కానీ టీ5 అంటే తెరిచిన డ్రైవ్‌షాఫ్టు. టార్క్ ట్యూబు తీసేస్తే యాక్సిల్ మెలికని ఆపేది ఎవరండి? ఆ సన్నని పాత రేడియస్ రాడ్లు వంగుతాయి. టార్క్ ఆర్మ్ గానీ లాడర్ బార్లు గానీ కట్టాలి. ఆ పని కలుపుకుని ఖర్చు చూడండి. ఊళ్ళో తిరిగే బండికి 1939 బాక్సు, కోసిన టార్క్ ట్యూబు చాలు. రోజూ హైవే అంటే టీ5.

(మా ఇద్దరికీ ఇది పాత గొడవే, ఇక్కడ తేలదు.)

#18 — రెండు 97లు

బ్రేకులు ఎవరూ ఎత్తలేదు. 1939-48 ఫోర్డు హైడ్రాలిక్ బ్రేకులు 12 అంగుళాలు, కానీ కింద రెండు యాంకర్ పిన్నులు, సెల్ఫ్ ఎనర్జైజింగ్ (డ్రమ్ము తిరుగుడే షూలని ఇంకా బిగించే రకం) కాదు, సర్దడం తలనొప్పి. 1948-52 ఎఫ్1 పికప్పు బ్రేకులు 11×2, సెల్ఫ్ ఎనర్జైజింగ్, 5 మీద 5.5 బోల్టు కొలత (5 బోల్టులు, 5.5 అంగుళాల వృత్తం) అదే. ముందుకి అవి పెట్టండి. షూలు డ్రమ్ము వంపుకి గ్రైండు చేయించకపోతే సగం షూ మాత్రమే తగులుతుంది, పెడలు గట్టిగా ఉన్నా బండి ఆగదు.

మాస్టరు సిలిండరు నేల కింద ఉంటే చక్రాల సిలిండర్ల కంటే దిగువన ఉంటుంది. డ్రమ్ములకి 10 పీఎస్‌ఐ రెసిడ్యువల్ వాల్వు (పైపులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచేది) ముందుకీ వెనక్కీ చెరొకటి. అవి లేకపోతే కప్పు సీళ్ళు వదులై గాలి లోపలికి పీల్చుకుంటుంది, పెడలు రెండోసారి తొక్కితే గానీ పట్టదు. కొన్ని మాస్టరు సిలిండర్లలో వాల్వు లోపలే ఉంటుంది, రెండు వాల్వులు ఒకదాని మీద ఒకటి పెట్టకండి.

రెండు గదుల మాస్టరే వాడండి, 1 అంగుళం బోరు, పెడలు నిష్పత్తి 6:1. పైపు 3/16 స్టీలు, డబుల్ ఫ్లేరు. ఎగ్జాస్టు పక్కన పైపు లాగొద్దు. రాగి పైపు అసలు వద్దు.

#19 — గచ్చిబౌలి గేరు

చిన్న సందేహం. ఇలాంటిది కట్టాక ఇండియాకి తెచ్చి వింటేజ్ కింద రిజిస్టర్ చేయించవచ్చా?

#20 — టైటిల్ తమ్ముడు

కుదరదు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల్లో 50 ఏళ్ళు దాటితే చాలదు. ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పు ఉండకూడదు. ఏ-వీ8లో ఆ మూడూ మారాయి. మార్పు చేయని స్టాకు మోడల్ ఏ అయితే ఆ దారి ఉంది: వీఏ సిరీసు నంబరు, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళ చెల్లుబాటు, రోజువారీగా గానీ వ్యాపారానికి గానీ వాడకూడదు.

#21 — కరీంనగర్ వెల్డర్

బాడీ పని. 1928-31 ఏ లో పెట్రోలు ట్యాంకే కౌల్ పైకప్పు, మోకాళ్ళ మీదుంటది. తీసేస్తే కౌల్ బలం పోతది, అందుకని చాలామంది అడుగు కోసి పైతొడుగు ఉంచుకుంటరు, డ్యాషుబోర్డు దానికే కడ్తరు. ఆ ట్యాంకు ఎన్నేండ్ల నుంచి ఖాళీగున్నా దాంట్ల ఆవిరి ఉంటది. నిప్పురవ్వ వచ్చే పనిముట్టు ముట్టియ్యకు. ముందు వేడి సబ్బునీళ్ళు రెండు మూడుసార్లు, తర్వాత నీళ్ళు నింపి కోత గీత వరకు మాత్రం దించి, గాలితోటి నడిచే నిబ్లరుతోని కొయ్యి.

తలుపులు, వెనక క్వార్టర్లు సాండ్‌బ్లాస్టు చేయించకు, అలలు తేల్తయి. కెమికల్ స్ట్రిప్పరు వాడు. అతుకు ముక్కలకు 20 గేజి షీటు, అంచు మీద అంచు ఎక్కియ్యక సరిగ్గ ఆనిచ్చి, టాకులు దూరం దూరంగ. ప్రతి టాకు ఎనక సుత్తి, డాలీ. బేర్ స్టీలు మీద ముందు ఎపాక్సీ ప్రైమరు, దాని మీదనే పుట్టీ, 1/8 కంటే మందం ఎక్కద్దు. పాత రంగులో సీసం ఉంటది, మాస్కు లేకుండ రుద్దకు.

తలుపు గ్యాపు: బాడీ నడుం దిగితే తలుపు పైభాగంల గ్యాపు మూసుకుంటది, కింద తెరుచుకుంటది. లాక్ పిల్లరు కింద షిమ్ము పెట్టి నడుం లేపితే పైన తెరుచుకుంటది. 1/16 షిమ్ము పెట్టి చూడు, పైన దాదాపు అంతకంత కనిపిస్తది. గ్యాపు కోసం తలుపు అంచు కొట్టకు, ముందు షిమ్ములతోని ఆడుకో.

#22 — ఫ్లాట్‌హెడ్ బాబాయ్

ఒక్క మాట. రంగు లేకుండానే అంతా బిగించి, బేర్ స్టీలు మీద నూనె రుద్ది, 300 నుంచి 500 మైళ్ళు తిప్పండి. ఎక్కడో ఒక బ్రాకెట్టు మార్చక తప్పదు, ఒక రంధ్రం వేయక తప్పదు. అదయ్యాక మొత్తం ఊడదీసి రంగు. ఇంజను మొదటిసారి నడిపే 20 నిమిషాల్లో ముందు ఆయిలు ప్రెజరు వచ్చిందా, తర్వాత రెండు వాటర్ పంపుల వైపూ హోసులు సమానంగా వేడెక్కుతున్నాయా చూడండి. ఒక వైపు చల్లగా ఉంటే అటు గాలి బుడగ ఉన్నట్టు. చల్లారాక హెడ్ నట్లు మళ్ళీ బిగించాలి. అల్యూమినియం హెడ్లయితే తయారీదారు చెప్పిన టార్కు, పూర్తిగా చల్లారాకే.

#23 — డెంటన్ షెడ్డు

బండి లేచింది. ఇంజను మెత్తగా ఉంది, నీళ్ళు 180 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలిచాయి. కానీ 40-45 మైళ్ళ దగ్గర చిన్న గుంత పడితే చాలు, ముందు చక్రాలు దడదడ కొట్టుకుంటున్నాయి, బ్రేకు తొక్కి 20కి దించితే గానీ ఆగట్లేదు. టో-ఇన్ (ముందు చక్రాలు ముందు వైపు లోపలికి తిరిగి ఉండే కొలత) 1/8, టైర్లు కొత్త బయాస్ 5.60-15, బాలెన్సు చేయించాను. పాన్‌హార్డ్ బారు ఉంది.

#24 — కాకినాడ గ్రీజు

స్టీరింగు డాంపరు కొనమని ఎవరైనా చెప్తారు, ఇప్పుడే వద్దండి. డాంపరు జబ్బుని దాస్తుంది. ఈ వరసలో చూడండి.

చక్రం పైనా కిందా పట్టుకుని ఊపండి, ఇంకొకళ్ళు కింగ్‌పిన్ను (చక్రం ఎడమకీ కుడికీ తిరిగే ఇరుసు) దగ్గర వేలు పెట్టి చూడాలి. ఆట ఉంటే బుష్షులు. కొత్త బుష్షులు రీమరుతోనే సైజు చేయాలి, పైబుష్షు గైడుగా కిందది కోసే పొడుగు రీమరు. విడివిడిగా చేస్తే రెండూ ఒక వరసలో రావు, పిన్ను ఒక మూల మీదే అరుగుతుంది. తర్వాత హబ్ బేరింగులు. తర్వాత టై రాడ్ ఎండ్లు, పాన్‌హార్డ్ బోల్టులు. రబ్బరు బుష్షుల్లో కదలిక కూడా లెక్కే. టో-ఇన్ 1/16కి తగ్గించి కూడా ఒకసారి చూడండి.

ఇవన్నీ బాగుంటే కాస్టరు, అంటే కింగ్‌పిన్ను పైకొస వెనక్కి వాలిన కోణం. ఈ బండికి 5 నుంచి 7 డిగ్రీలు. బండి నేల మీద, రైడ్ ఎత్తులో, మీ సీటులో ఎవరో ఒకరు కూర్చుని ఉండగా కింగ్‌పిన్ను బాస్ మీద డిజిటల్ యాంగిల్ గేజి పెట్టి రెండు వైపులా కొలవండి.

#25 — డెంటన్ షెడ్డు

కింగ్‌పిన్నుల్లో ఆట లేదు, మిగతావి గట్టిగానే ఉన్నాయి. కాస్టరు: ఎడమ 6.5, కుడి 3.

#26 — కాకినాడ గ్రీజు

అదిగో. రెండు వైపులా తేడా ఉందంటే యాక్సిల్ మెలిపడి బిగిసి ఉంది, కుడి చక్రానికేమో తనంతట నిలబడే శక్తి చాలట్లేదు.

ముందు వీల్‌బేస్ రెండు వైపులా కొలవండి. విష్‌బోన్ కొసలో మర తిప్పితే యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది గానీ కాస్టరు పెద్దగా మారదు. కాస్టరు మారాలంటే వెనక కొస ఎత్తు మారాలి. విష్‌బోన్ పొడుగు 40 అంగుళాలనుకుంటే, 1 డిగ్రీకి వెనక కొస సుమారు 0.7 అంగుళం దించాలి. మీకు కుడి వైపు 3.5 డిగ్రీల తేడా అంటే 2.4 అంగుళాలు. అంత తేడా బ్రాకెట్టు ఎత్తులో నిజంగా ఉందా కొలవండి. ఉంటే కుడి బ్రాకెట్టు ఎడమదాని ఎత్తుకి దించండి. లేకపోతే యాక్సిలే మెలిపడింది. డ్రాప్ చేయడానికి వేడి చేసినప్పుడు అలా అవుతుంది. యాక్సిల్ విప్పి, రెండు స్ప్రింగు పెర్చ్ రంధ్రాల్లో నిటారు కడ్డీలు దూర్చి యాక్సిల్ ఒక కొస నుంచి రెండో కొస వైపు చూస్తే కంటికే తెలుస్తుంది. దాన్ని చల్లగానే ప్రెస్సు మీద సరిచేసే షాపుకి ఇవ్వండి, టార్చి పెట్టనివ్వకండి.

#27 — డెంటన్ షెడ్డు

బ్రాకెట్లు రెండూ ఒకే ఎత్తు. అయితే యాక్సిలే. విప్పుతున్నా.